ఉత్తరాది చల్లని ఏటిలో గాలం – బయలుదేరకముందు ఆలోచించవలసిన సంగతులు



మన చిత్తూరు, తిరుపతి ప్రాంతపు పల్లెల్లో చెరువు నిండిన సంవత్సరం గాలం పట్టని పిల్లవాడు ఉండడు. ఒక వెదురు బెత్తం, నెమలి ఈకతో చేసిన బెండు, తడి నేలలో తవ్విన ఎర్రలు నాలుగు – ఇంతే సామాను. కొరమేను పడితే పండుగ, జెల్ల పడితే సంతోషం, ఏమీ పడకపోతే సాయంత్రం కట్ట మీద కబుర్లు. సువార్తలలో వలల మాట చాలాసార్లు వస్తుంది గానీ గాలం మాట వచ్చేది ఒక్కసారే, మత్తయి 17వ అధ్యాయంలో. మన పల్లెవాళ్లకు మాత్రం వలకంటె గాలమే దగ్గరి చుట్టం.

ఆ గాలం పట్టిన పిల్లలే చదువుకుని పెద్దవారై, నేడు ఢిల్లీలో, చండీగఢ్‌లో, అమెరికాలోని సియాటిల్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడినుండి ఫోన్లు చేసి, "ఇక్కడ మంచునీళ్ల ఏరు ఉంది, ట్రౌటు అనే చేప ఉంది, గైడును పెట్టుకుని పట్టవచ్చు, మీరూ రండి" అని తలిదండ్రులను పిలుస్తున్నారు. ఇలాంటి పిలుపు అందుకున్న కొన్ని కుటుంబాలు మా దగ్గరకు వచ్చి సలహా అడిగాయి. కొన్ని సాయంత్రాలు వారితో కూర్చుని, తెలిసినవారిని విచారించి, ఒక పద్ధతి ప్రకారం సంగతులన్నీ రాసుకున్నాము. అవి మరికొందరికి ఉపయోగపడతాయని ఈ వ్యాసం రాస్తున్నాము.

వెళ్లాలన్న కోరిక ఎక్కడినుండి వచ్చింది?

మొదట అడగవలసిన ప్రశ్న ఇదే. సరదా కోసమే అయితే మన దగ్గరే చాలా ఉన్నాయి. పులికాట్ సరస్సు మనకు బస్సు దూరంలోనే ఉంది. ఇంత ఖర్చు, ఇంత ప్రయాణం పెట్టుకునేటప్పుడు కారణం కూడా అంతటిదై ఉండాలి.

మా దగ్గరకు వచ్చినవారిలో ఒక రైతు కుటుంబం ఉంది. తండ్రికి అరవై దాటాయి. కొడుకు చండీగఢ్‌లో ఉద్యోగం. పొలం అమ్మే విషయంలో ఇద్దరికీ మాట పట్టింపు వచ్చి, రెండు సంవత్సరాలుగా ఫోనులో కూడా "బాగున్నావా, బాగున్నాను" తప్ప మరో మాట లేదు. అలాంటి కొడుకు ఒకనాడు తల్లికి ఫోను చేసి, "అమ్మా, నాయనను ఒకసారి ఇక్కడికి పంపు. ఏటి దగ్గరికి తీసుకుపోతా. నాకు గాలం నేర్పించింది ఆయనే గదా" అన్నాడట. తండ్రి ఆ మాట విని ఏమీ అనలేదు గాని, మరునాడే మా ఇంటికి వచ్చి, "అయ్యగారూ, ఆ చేప ఎట్లాంటిది? మన ఎర్రకు పడుతుందా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నలో చేప ఒక్కటే లేదని మాకు అర్థమైంది. కనుక ఈ ప్రయాణం జరగాలని మేము కోరుకున్నాము. అయితే ఆయన భార్య ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో ముందు చెబుతాము. ఆమె భయానికి తగిన జవాబు దొరికిన తరువాతనే టికెట్ల మాట అని అందరమూ అనుకున్నాము.

ట్రౌటు అంటే ఏ చేప?

ట్రౌటు మన దేశపు చేప కాదు. మచ్చల ట్రౌటు, అనగా బ్రౌన్ ట్రౌటు, ఐరోపాది. దాని ఒంటి మీద నల్లని, ఎర్రని చుక్కలు ఉంటాయి. రెయిన్‌బో ట్రౌటు ఉత్తర అమెరికా పడమటి తీరపుది. దాని పక్కల వెంట గులాబి రంగు చార ఉంటుంది. ఆంగ్లేయుల కాలంలో వీటిని ఓడల మీద తెప్పించారు. 1899లో కాశ్మీరుకు పంపిన గుడ్లు దారిలోనే చెడిపోయాయి. 1900లో స్కాట్లండు నుండి మరల పంపిన గుడ్లు బతికి, శ్రీనగర్ దగ్గర పిల్లలయ్యాయి. అక్కడినుండి 1909లో హిమాచల్ ప్రదేశ్‌లోని కుల్లు లోయకు తెచ్చి వదిలారు. చాలాకాలం తరువాత నార్వే దేశపు సాంకేతిక సహాయంతో కుల్లు దగ్గర పత్లీకుహల్‌లో రెయిన్‌బో ట్రౌటు పెంపకం వృద్ధిలోకి వచ్చింది.

దక్షిణాదిలో కూడా ట్రౌటు ఉంది. నీలగిరి కొండల్లో అవలాంచి అనే చోట 1907లో మద్రాసు ప్రభుత్వం వారు ట్రౌటు పిల్లల కేంద్రం పెట్టారు. అప్పటికి మన చిత్తూరు జిల్లా ఇంకా పుట్టలేదు, 1911లో ఏర్పడింది. మనకు దగ్గర గదా అని అక్కడికే పోదామని కొందరు అంటారు. అయితే ఆ ఏళ్లలో చాలా భాగం రక్షిత అడవుల్లో ఉన్నందున, కొత్తవారు వెళ్లి ఇష్టం వచ్చినట్టు గాలం వేయడానికి వీలు కాదు.

ట్రౌటు మన చెరువుల్లో ఎందుకు బతకదు? నీరు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. ట్రౌటుకు చల్లగా పారే నీరు, నిండుగా ప్రాణవాయువు కావాలి. నీటి వేడి ఇరవై డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది, పాతిక దాటితే ప్రాణాపాయం. మన చెరువు నీరు వేసవిలో ముప్పై డిగ్రీలు దాటుతుంది. బొచ్చె, శీలావతి, కొరమేను దానికి తట్టుకుంటాయి, ట్రౌటు తట్టుకోలేదు. కనుక దాన్ని చూడాలంటే మంచు కరిగి పారే ఏటి దగ్గరకు మనమే వెళ్లాలి.

ఇక ఆ రైతు అడిగిన ప్రశ్న: మన ఎర్రకు పడుతుందా? వానపామును అదీ తింటుంది. కానీ ట్రౌటు ఏళ్లలో ఎక్కడ ఏ ఎర వాడవచ్చో నిబంధనలు ఉంటాయి. చాలామంది తళుక్కున తిరిగే రేకు గాలం గాని, ఈకలతో, దారంతో ఈగలాగా కట్టిన గాలం గాని వాడుతారు. ఏటి రాళ్ల కింద అతుక్కుని ఉండే పురుగులు, నీటి మీద వాలే ఈగలు దానికి ఇష్టమైన ఆహారం. ఆ ఈగను పోలినదే ఈ ఈకల గాలం.

ఎక్కడికి వెళ్లాలి?

కాశ్మీరులో లిద్దర్, బ్రింగి వంటి ప్రసిద్ధమైన ట్రౌటు ఏళ్లు ఉన్నాయి. అక్కడ ఏటిని బీట్లుగా విడగొట్టి, ఒక్కొక్క బీటుకు ఇంతమందికే అని పర్మిట్లు ఇస్తారు. హిమాచల్‌లో కుల్లు జిల్లాలోని తీర్థన్, సైంజ్, మండి జిల్లా బరోట్ దగ్గరి ఊహల్, సిమ్లా జిల్లాలోని పబ్బర్ ప్రసిద్ధమైనవి.

మన కుటుంబాలకు మేము తీర్థన్ లోయను సూచించాము. కారణాలు మూడు. ఒకటి, కొడుకు చండీగఢ్‌లో ఉన్నందున అక్కడినుండి రోడ్డు మీద ఒక పగటి ప్రయాణం. రెండు, బంజార్, నాగిని, గుషైని గ్రామాల్లో ఇంటివారే గదులు అద్దెకు ఇచ్చి, అన్నం పెట్టి, ఏటి దగ్గరకు తోడు వస్తారు. పెద్ద హోటళ్లలో ఇమడలేని మన పల్లెవారికి ఇది అనుకూలం. మూడు, ట్రౌటును దృష్టిలో ఉంచుకుని తీర్థన్ మీద జలవిద్యుత్ ప్రాజెక్టులు వద్దని అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది. ఈ మూడవ కారణం ఎంత ముఖ్యమో ముందు తెలుస్తుంది.

తీర్థన్ ఏరు గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కులో పుడుతుంది. ఆ పార్కును 2014లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. పార్కు హద్దు లోపల నిబంధనలు వేరు. గాలం పట్టుకుని హద్దు దాటకూడదు.

దారి ఇది. తిరుపతి నుండి హజ్రత్ నిజాముద్దీన్‌కు ఆంధ్రప్రదేశ్ సంపర్క్ క్రాంతి ఎక్స్‌ప్రెస్ ఉంది. రెండువేల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం, దాదాపు ఒకటిన్నర రోజు. ఇది రోజూ ఉండే రైలు కాదు గనుక వారాలు చూసుకోవాలి. రిజర్వేషను 2024 నవంబరు నుండి అరవై రోజుల ముందు మాత్రమే మొదలవుతుంది. వెనుకటిలా నాలుగు నెలల ముందు చేయించుకోవడానికి వీలు లేదు. ఢిల్లీ కశ్మీరీ గేట్ బస్టాండు నుండి కుల్లు, మనాలి వెళ్లే రాత్రి బస్సు ఎక్కి, తెల్లవారి ఔట్ అనే చోట దిగాలి. అక్కడినుండి లార్జీ మీదుగా బంజార్‌కు సుమారు ముప్పై కిలోమీటర్లు, ఇంకొక పది వెళ్తే గుషైని.

ఎప్పుడు వెళ్లాలి?

హిమాచల్‌లో నవంబరు 1 నుండి ఫిబ్రవరి చివరివరకు ట్రౌటు వేట పూర్తిగా నిషేధం. అది గుడ్లు పెట్టే కాలం. ఆడచేప తోకతో గులకరాళ్లను తవ్వి గుంట చేసి, అందులో గుడ్లు పెట్టి, మరల రాళ్లతో కప్పుతుంది. ఆ నెలల్లో ఏటిలో నడిస్తే కాలి కిందనే వందల గుడ్లు నలిగిపోతాయి.

మిగిలినది మార్చి నుండి అక్టోబరు వరకు. ఇందులో జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలలు వానకాలం. కొండచరియలు విరిగిపడతాయి, ఏళ్లు పొంగుతాయి. 2023 జూలైలో బియాస్ నది పొంగి మండి, కుల్లు మధ్య రోడ్లను, ఇళ్లను కోసివేసింది. ఆ మూడు నెలలు తలపెట్టవద్దు. మే, జూన్ నెలల్లో మంచు ఎక్కువగా కరిగి ఏరు ఉరవడిగా ఉంటుంది. పైగా మనకు అది మామిడి కోతల కాలం. తోట విడిచి ఎవరు రాగలరు?

కాబట్టి మిగిలినవి రెండు సమయాలు. ఒకటి మార్చి మధ్య నుండి ఏప్రిల్ వరకు. రెండవది అక్టోబరు. అక్టోబరులో వానలు వెళ్లిపోయి నీరు తేటపడి, ఏరు తగ్గి ఉంటుంది. మన పిల్లలకు దసరా సెలవులు కూడా ఆ దరిదాపుల్లోనే వస్తాయి. వేరుశనగ పెరికే పని ఉన్నవారు ముందుగానే కూలీలను మాట్లాడుకోవాలి. పాడి ఉన్న ఇల్లు అయితే రెండు పూటలా పాలు పిండి డెయిరీకి పోసే మనిషిని కూడా చూసుకోవాలి. ఇంటి దగ్గర ఆవు అరుస్తుందన్న బెంగతో ఏటి ఒడ్డున నిలబడితే గాలం మీద మనసు ఉండదు.

ఆ తల్లి భయం

ఇప్పుడు ఆ రైతు భార్య ఎందుకు ఒప్పుకోలేదో చెబుతాము. ఆమె మాట ఇది: "మా అబ్బోడు కూడా ఇంజనీరింగు చదివినోడే అయ్యగారూ. ఆ ఏరు పేరు చెబితేనే నాకు కడుపులో దేవినట్టుంటుంది."

మన పాఠకుల్లో చాలామందికి ఆ దినం జ్ఞాపకం ఉంటుంది. 2014 జూన్ 8, ఆదివారం సాయంత్రం. హైదరాబాదు నుండి విహారయాత్రకు వెళ్లిన ఇంజనీరింగు విద్యార్థులు మండి జిల్లా థలౌట్ దగ్గర బియాస్ నదిలో దిగి ఫోటోలు తీసుకుంటున్నారు. నీరు తక్కువగా ఉంది, రాళ్లు తేలి ఉన్నాయి. పైనున్న లార్జీ ఆనకట్ట నుండి నీరు వదిలారు. నిమిషాల్లో నది నిండింది. ఇరవైనలుగురు విద్యార్థులు, వారితో ఉన్న యాత్ర నిర్వాహకుడు కొట్టుకుపోయారు. శవాల కోసం వారాల తరబడి వెదికారు. 2016లో హిమాచల్ హైకోర్టు ఒక్కొక్క కుటుంబానికి ఇరవై లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. డబ్బు ఇచ్చారు గాని, ఆ ఇళ్లలో ఖాళీ అయిన గదులు అలాగే ఉన్నాయి.

ఢిల్లీ నుండి వెళ్లే బస్సు మండి, పండోహ్ దాటి ఔట్ చేరే దారిలోనే ఆ థలౌట్ ఉంది. తీర్థన్ నీరు కూడా చివరకు లార్జీ దగ్గరనే బియాస్‌లో కలుస్తుంది. ఆ తల్లి భయం ఉత్త భయం కాదు. "దేవుడు చూసుకుంటాడులెమ్మా" అని ఒక మాట అనేసి ఆమెను పంపివేయడం మాకు సరి అనిపించలేదు. ఆ దినాన ఏమి జరిగిందో ఆమెతోనే కూర్చుని ఒక్కొక్కటిగా ఆలోచించాము. వారికి ఆ నది సంగతి తెలిసిన తోడు ఒడ్డున లేడు. పైన ఆనకట్ట ఉందని, దాని నీరు ఎప్పుడైనా రావచ్చునని తెలియదు. నీరు తక్కువగా ఉండడమే క్షేమమని అనుకున్నారు. ఆనకట్ట కింద నీరు తక్కువగా ఉన్న నదియే అన్నిటికంటె ప్రమాదమైనదని మన పిల్లలకు ఎవరూ చెప్పలేదు.

అందుకే ఆనకట్టలు లేని తీర్థన్‌ను, అందులోనూ పై భాగాన్ని ఎంచుకున్నాము. అలాగని అక్కడ అపాయం లేదని కాదు. కొండ మీద ఎక్కడో కుండపోత వాన కురిస్తే ఇక్కడ ఎండ కాస్తుండగానే ఏరు పొంగుతుంది. కొన్ని గుర్తులు ఉన్నాయి. తేట నీరు ఉన్నట్టుండి బురద రంగుకు తిరగడం, ఆకులు పుల్లలు గుంపుగా కొట్టుకురావడం, రాళ్లు దొర్లుతున్నట్టు గుడగుడ శబ్దం. వీటిలో ఒక్కటి కనబడినా, వినబడినా గాలం, సంచి అక్కడే విడిచిపెట్టి ఒడ్డెక్కి పైకి పోవాలి. సామాను కోసం వెనుదిరగకూడదు.

చన్నీటి సంగతి కూడా తెలుసుకోవాలి. మన బావుల్లో ఈత నేర్చినవారు మంచునీటిలో కూడా ఈదగలమనుకుంటారు. ఆ నీటిలో హఠాత్తుగా పడితే ఊపిరి ఎగపోస్తుంది, నోట్లోకి నీరు పోతుంది. కొద్ది నిమిషాల్లోనే చేతులు కాళ్లు మొద్దుబారి మాట వినవు. ఎంత ఈతగాడైనా అంతే.

గైడు ఎలాంటివాడై ఉండాలి?

గైడు అంటే చేప పట్టించే మనిషి అని మాత్రమే అనుకోరాదు. చేప ఎక్కడ ఉందో చెప్పడం సగం పని. ఎక్కడ నిలబడకూడదో చెప్పడం మిగిలిన సగం.

మంచి గైడు ఆ లోయలోనే పుట్టి పెరిగినవాడై ఉంటాడు. మొదట ఒక రాయి తిప్పి, దాని అడుగున ఉన్న పురుగులను చూపించి, దానికి సరిపోయే గాలం తీస్తాడు. ట్రౌటు ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి, బండ చాటున నిలబడి, పైనుండి కొట్టుకొచ్చే ఆహారం కోసం కాచుకుని ఉంటుంది. అందుకని వెనుకనుండి, అంటే దిగువనుండి, నెమ్మదిగా రమ్మంటాడు. అడుగుల చప్పుడు కూడా దానికి తెలుస్తుంది. మన చెరువు కట్ట మీదిలాగా కేకలు వేసుకుంటూ పోతే చేప కనబడదు.

ఫోనులో మాట్లాడేటప్పుడు గైడును ఈ ప్రశ్నలు అడగమని చెప్పాము. లైసెన్సు ఎవరు ఇప్పిస్తారు, ఎంత? రాడ్డు, రీలు అద్దెకు ఇస్తారా? ఒక్కొక్క గైడుకు ఎంతమంది? మన గుంపుకు ముగ్గురికి ఒక గైడు మించకూడదు. లైఫ్ జాకెట్లు ఉన్నాయా? వాన వస్తే రోజు మార్చుకోవచ్చునా, బయానా డబ్బు తిరిగి ఇస్తారా? దగ్గరలో ఆసుపత్రి ఎంత దూరం? ఈ ప్రశ్నలకు విసుక్కునే గైడును వదిలి మరొకరిని చూసుకోవడం మంచిది.

లైసెన్సు మత్స్యశాఖ వారు ఇస్తారు. ఎవరు రాడ్డు పట్టుకుంటే వారి పేరు మీద ఉండాలి. రోజుకు ఎన్ని చేపలు, ఎంత పొడవుకు తక్కువైనవి విడిచిపెట్టాలి అన్నది అందులో రాసి ఉంటుంది. కాగితం గైడు జేబులో కాక మీ జేబులో ఉండాలి. హిందీ చదవలేనివారు చదివించుకోవాలి. మన ఊళ్లలో మిలిటరీలో పనిచేసి వచ్చినవారు చాలామంది ఉన్నారు. అలాంటివారు ఒకరు తోడుంటే హిందీ సమస్య తీరుతుంది, కొండదారి అనుభవం కూడా కలిసివస్తుంది.

చిన్న చేప పడితే విడిచిపెట్టడం మనకు కొత్త. చెయ్యి ముందుగా నీటిలో తడపాలి. పొడి చేతితో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు పొర ఊడిపోయి తరువాత జబ్బు పడుతుంది. నీటిలో ఉంచే గాలం తీయాలి. ముల్లు లేని గాలం అయితే సులువుగా వస్తుంది. దానిని ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని, తనంతట తాను ఈదిపోయేదాకా ఆగాలి. మొదట ఇది విని మా పెద్దలు నవ్వారు. "పట్టేది ఎందుకు, వదిలేది ఎందుకు?" అన్నారు. మన చెరువులో గుడ్లతో ఉన్న కొరమేను జంటను పట్టవద్దని మన తాతలు చెప్పలేదా అని అడిగితే, ఆ మాట నిజమేనని ఒప్పుకున్నారు.

ఖర్చు ఎలా కూడబెట్టాలి?

అప్పు చేసి వెళ్లవద్దు. వడ్డీకి తెచ్చిన డబ్బుతో చేసిన ప్రయాణం తిరిగి వచ్చాక తలనొప్పిగా మారుతుంది. పన్నెండుమంది కలిసి చీటీ వంటి పద్ధతి పెట్టుకున్నారు. నెలకు 1,500 రూపాయల చొప్పున 14 నెలలు కడితే ఒక్కొక్కరికి 21,000 అవుతుంది. లెక్క ఒక చెల్లెమ్మ రాస్తుంది, డబ్బు బ్యాంకులో ఇద్దరి సంతకంతో ఉంటుంది.

ఖర్చును ఐదు భాగాలు చేసి రాసుకున్నారు: రైలు, బస్సు, బస, భోజనం, గైడు, లైసెన్సు, సామాను అద్దె, చలిబట్టలు, మందులు, ఐదవది అనుకోని ఖర్చు. ఈ ఐదవ భాగాన్ని ముట్టకూడదు. కొండదారి మూసుకుపోయి రెండు రోజులు ఆగిపోవలసివస్తే అదే ఆదుకుంటుంది. తిరుగు టికెట్టుకు, ఏటి దగ్గర చివరి రోజుకు మధ్య ఒక రోజు ఖాళీ ఉంచుకోవాలి.

చలిబట్టలన్నీ కొననవసరం లేదు. స్వెట్టరు, మఫ్లరు, ఉన్ని మేజోళ్లు చాలు. హార్సిలీ కొండ ఎత్తు సుమారు 1,265 మీటర్లు. మనం వెళ్లే చోటు దానికంటె ఎత్తు, ఎంతో చలి. బి.పి., షుగరు ఉన్నవారు డాక్టరుకు చూపించుకుని, అవసరానికి మించి పది రోజుల మందులు పట్టుకెళ్లాలి. కొండమలుపుల్లో వాంతులయ్యేవారు ముందుగా మాత్ర వేసుకోవాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవారు రెండు నెలల ముందునుండి నడక అలవాటు చేసుకోవాలి. మన రైతు ఇప్పుడు రోజూ తెల్లవారి చెరువు కట్ట ఆ చివర నుండి ఈ చివరకు నాలుగు సార్లు నడుస్తున్నాడు. కొడుకు ఆదివారం ఆదివారం ఫోను చేసి, "నాయనా, ఎన్ని సార్లు తిరిగావు?" అని అడుగుతున్నాడట. పొలం మాట ఇద్దరూ ఇంకా ఎత్తలేదు.

సాల్మన్ చూడాలనుకునే తలిదండ్రులకు

మన బజారులో ఇండియన్ సాల్మన్ పేరుతో అమ్మేది మాగ చేప. అసలు సాల్మన్ వేరే జాతి. అది మన దేశపు ఏళ్లలో లేదు. ఏటిలో పుట్టి, సముద్రానికి పోయి, సంవత్సరాల తరువాత పుట్టిన ఏటికే తిరిగి వచ్చి గుడ్లు పెడుతుంది. పుట్టిన నీటి వాసనను బట్టి దారి కనుక్కుంటుంది. పసిఫిక్ సముద్రపు సాల్మన్‌లలో చాలా జాతులు గుడ్లు పెట్టిన తరువాత చనిపోతాయి. ఏటిలో ప్రవేశించిన తరువాత ఆహారం కూడా మానివేస్తాయి.

సియాటిల్ ప్రాంతంలో బిడ్డలున్న తలిదండ్రులకు దీనిని చూడడం సులువు. 1917లో ప్రారంభమైన బల్లార్డ్ లాక్స్ దగ్గర చేపలు మెట్లెక్కి పోవడానికి కట్టిన దారిని అద్దాల గుండా చూడవచ్చు. జూలై నుండి అక్టోబరు వరకు ఒక జాతి తరువాత మరొక జాతి వస్తుంది. ఇసాక్వాలో 1936లో కట్టిన సాల్మన్ కేంద్రం ఉంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఊరి నడుమ వాగులో పెద్ద పెద్ద చేపలు ఎదురీదుతుంటాయి. చూడడానికి లైసెన్సు అక్కరలేదు. గాలం వేయాలంటే మాత్రం అక్కడి రాష్ట్ర మత్స్యశాఖ లైసెన్సు కావాలి. పట్టిన సాల్మన్‌ను వెంటనే కార్డు మీద రాయాలి. చుట్టం చూపుగా వచ్చామంటే అక్కడ చెల్లదు. అక్కడి ఆదివాసి జాతులకు 1850ల నాటి ఒప్పందాల ప్రకారం ఆ చేప మీద హక్కు ఉంది. 1974లో ఒక న్యాయస్థానం పట్టదగిన చేపలో సగం వారిదని తీర్పు చెప్పింది. కొన్ని చోట్ల వారి వలలు కనబడితే దూరంగా ఉండాలి.

కాగితం మీద రాసుకున్న షరతులు

చివరకు ఆ తల్లి ముందు కూర్చుని ఈ షరతులు రాశాము. వీటిలో సగం ఆమె చెప్పినవే.

1. గైడు లేకుండా ఎవరూ నీటిలో కాలు పెట్టకూడదు, ఫోటో కోసమైనా సరే.

2. మోకాలు మించి దిగకూడదు. నీటిలో దిగిన ప్రతివారికీ లైఫ్ జాకెట్టు ఉండాలి. పిల్లలు ఒడ్డునే ఉండాలి.

3. ఆనకట్ట కింది భాగంలో, లార్జీ దగ్గర గాని బియాస్‌లో గాని దిగకూడదు. బస్సు ఆగినా సరే.

4. ఒకరు ఎప్పుడూ గాలం వేయకుండా ఏటి ఎగువ వైపు చూస్తూ కూర్చోవాలి. గంటకొకసారి మనిషి మారాలి.

5. గైడు "పైకి రండి" అంటే ఎందుకని అడగకుండా రావాలి. గాలానికి చేప ఉన్నా సరే.

6. ముందురోజు రాత్రి పై కొండల్లో వాన పడితే ఆ రోజు ఏటికి సెలవు.

7. రోజూ సాయంత్రం ఇంటికి ఫోను. అక్కడ అన్ని చోట్లా సిగ్నలు దొరకదు గనుక సమయం ముందే చెప్పి, ఆ సమయానికి ఊళ్లోకి రావాలి.

8. తాగినవారు ఏటి ఒడ్డుకు రాకూడదు.

ఆమె కాగితం రెండుసార్లు చదివించుకుని, "సరే, అయితే నేనూ వస్తా. నాలుగో షరతు నా పని. నాకు గాలం వద్దు, ఏరు చూస్తా కూర్చుంటా" అన్నది. టికెట్లు ఇద్దరికి కాదు, ఇప్పుడు ముగ్గురికి లెక్క చూడవలసివచ్చింది. వారి చిన్న కూతురు కూడా వస్తానంటున్నది.

మీ ఇంటికి కూడా ఇలాంటి పిలుపు వచ్చి ఉంటే, మొదట ఇంట్లో ఎవరు భయపడుతున్నారో వారిని అడగండి. వారు చెప్పేది రాసుకోండి. ఆ తరువాత గైడుకు ఫోను చేయండి. చీటీ మొదలుపెట్టడానికి మంచి సమయం వేరుశనగ డబ్బు చేతికి వచ్చిన నెల.